పాఠకుల ప్రశ్నలు: మరాకేష్ బజారులో మన బేరం

కిందటి సంచికలో మా మొరాకో ప్రయాణం గురించి నాలుగు ముక్కలు రాశాక ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి ఉత్తరాలు బాగానే వచ్చాయి. వీసా, టిక్కెట్ల గురించి అడిగినవాళ్లు తక్కువ, ఏం కొన్నారు, ఎంతకి కొన్నారు అని అడిగినవాళ్లే ఎక్కువ. ఓ మూడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి ఫ్రాన్స్‌లో ఉద్యోగం. డిసెంబరులో నన్నూ వాళ్ల నాన్ననీ మొరాకో తీసుకెళ్తానంటున్నాడు. అక్కడి మరాకేష్, ఫెజ్ ఊళ్లు రెండూ చూస్తాం. అక్కడి చేతిపనుల్లో ఏం కొనాలి, మోసపోకుండా ఎలా కొనాలి? నాకు తెలుగు, ఒడియా, కాస్త హిందీ తప్ప రావు. బేరం ఎలా చేస్తానో అని ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది.
– ఓ గృహిణి, పర్లాకిమిడి

జవాబు: పర్లాకిమిడి మనిషి బేరానికి టెన్షన్ పడటమేంటండీ! సంతలో చింతపండుకి ఎలా బేరమాడతారో అక్కడా అంతే, వాడో ధర చెప్తాడు, మీరు నవ్వి మీ ధర చెప్తారు, నాలుగడుగులు ముందుకేస్తే వెనక్కి పిలుస్తాడు. భాష రాకపోయినా వాళ్ల చేతిలో కాలిక్యులేటర్ ఉంటుంది, అంకె నొక్కి మీకిస్తారు, మీరు మీ అంకె నొక్కి తిరిగివ్వడమే. సరదాకి అక్కడి అరబ్బీలో మూడు మాటలు నేర్చుకోండి. ‘బ్ష్‌హాల్’ అంటే ఎంత, ‘గాలీ బెజ్జాఫ్’ అంటే మరీ ఎక్కువ, ‘లా షుక్రన్’ అంటే వద్దండీ అని. ఈ మూడోది రోజుకి యాభైసార్లు వాడతారు.

ఒక్క విషయం మాత్రం మర్చిపోకండి. మీరొక ధర అని, వాడు సరేనన్నాక వదిలేసి వెళ్లిపోతే వాళ్లు బాగా నొచ్చుకుంటారు. కాబట్టి అక్కర్లేని వస్తువుకి ఊరికే ధర అనొద్దు. పుదీనా టీ ఇస్తే తాగండి, టీ తాగినందుకు కొనాలనేం లేదు.

చెప్పినదాంట్లో సగానికి అడగమని అందరూ అంటారు గానీ నాకా లెక్క మీద నమ్మకం లేదు, మొదటి ధరే వాడి ఇష్టమైనప్పుడు అందులో సగానికి అర్థమేముంది? నేను చేసింది చెప్తాను. మరాకేష్‌లో మొహమ్మద్ 5 అవెన్యూ మీద, కుతుబియా మసీదుకి కాస్త దూరంలో, ‘ఆన్సాంబ్ల్ ఆర్టిజనాల్’ అని ప్రభుత్వ చేతివృత్తుల కేంద్రం ఉంది. మన ఒడిశా చేనేత సహకార సంఘం కొట్టు బోయనికలాగా అనుకోండి. అక్కడ ధరలు ఖాయం, పనివాళ్లు అక్కడే కూర్చుని పని చేస్తుంటారు, కొనమని ఎవరూ వెంటపడరు. మొదటి రోజు అక్కడికెళ్లి చెప్పులు, పళ్లేలు, లాంతర్లు ఎంతెంతో కాగితం మీద రాసుకున్నాను. మర్నాడు జెమా ఎల్‌ఫ్నా మైదానం దాటి సూక్ సెమ్మరీన్ సందుల్లోకి వెళ్లేసరికి ధైర్యంగా ఉంది. (సూక్ అంటే బజారే.) అక్కడి డబ్బు దిర్హామ్, మేం వెళ్లినప్పుడు ఒక దిర్హామ్ సుమారు 9 రూపాయలు. మిగిలిన దిర్హాములు అక్కడే మార్చేసుకోండి, మన ఊళ్లో ఎవరూ తీసుకోరు.

నిజానికి నేను మోసపోయింది బేరంలో కాదు, వస్తువు దగ్గర. ‘సబ్రా’ అని కాక్టస్ పట్టు చున్నీలు అమ్ముతారు. నేనెళ్లిన కొట్లో ఒకాయన దారం లాగి లైటర్‌తో కాల్చి చూపించాడు, ముద్ద కట్టలేదు, బూడిదైంది. చూశారా, అసలు సరుకు అన్నాడు. నాలుగు కొన్నాను. బరంపురం వచ్చాక మా పిన్నికి ఒకటిచ్చాను, వాళ్లది పట్టు నేసే ఇల్లు. వేళ్ల మధ్య నలిపి చూసి, “కిత్తనారతో ఇంత మెత్తటి దారం వస్తుందటే? ఇది రేయాన్” అంది. అంతే, నా నోరు పడిపోయింది. వాళ్లు చెప్పే కాక్టస్ అంటే కిత్తనార మొక్కే, దాంతో మనం పేనే తాడు ఎంత గరుకుగా ఉంటుందో మనకి తెలీదా! కాల్చి చూపిస్తే అది పాలిస్టర్ కాదని మాత్రమే తెలుస్తుంది, రేయాన్ కూడా కాగితంలాగే కాలుతుంది. చున్నీలు అందంగానే ఉన్నాయి, రేయాన్ అనుకుని ఆ ధరకి కొనుక్కోండి, తప్పులేదు.

మీ ఊళ్లో కొమ్ముతో కొంగలూ రొయ్యలూ చెక్కుతారు కదా, కొమ్మేదో ప్లాస్టిక్కేదో మీరు చేత్తో పట్టుకుని చెప్పేస్తారు. ఆ చెయ్యే అక్కడా వాడండి. ‘బాబూష్’ అనే తోలు చెప్పులు బంధువులకి మంచి కానుక, కానీ అడుగు తిప్పి కుట్టారో జిగురుతో అంటించారో చూడండి, వాసన చూడండి. తివాచీ అయితే వెనక్కి తిప్పి ముడులు చూడాలి. వందేళ్ల నాటిదంటే నమ్మకండి, కొత్తవాటిని ఎండలో వేసి రంగు వెలిసేలా చేసి పాతవంటూ అమ్ముతారు. ‘బెర్బెర్ వెండి’ అనేది చాలాచోట్ల వెండే కాదు, తెల్ల లోహం. మన కంసాలి దగ్గరలాగా తూకం వేసి డబ్బులివ్వొద్దు.

ఫెజ్‌లో షువారా తోళ్ల రంగుల కుండీలు చూడకుండా రావద్దు. తోళ్లని సున్నంలో, పావురాల రెట్టలో నానబెట్టి, తర్వాత రంగుల్లో తొక్కుతారు. వాటిని పక్కనున్న తోలు కొట్ల మేడ మీంచి చూడాలి, కంపు భరించలేమని మేడెక్కేటప్పుడే పుదీనా రెమ్మ చేతికిస్తారు. చూడటం ఉచితమే అంటారు గానీ దిగే దారి తోలు కొట్లోంచే. సెఫ్ఫరీన్ చౌరస్తాలో రాగి, ఇత్తడి పాత్రలు కొట్టే చప్పుడు వింటే మన కంచరివీధి గుర్తొస్తుంది. ఫెజ్ నీలం రంగు పింగాణీ బాగుంటుంది, సామాను బరువు చూసుకుని కొనండి. శుక్రవారం నమాజుకి చాలా కొట్లు మూస్తారు, ఆ రోజు కొనుగోళ్లు పెట్టుకోవద్దు. “ఇటు దారి మూసేశారు, నేను చూపిస్తా రండి” అనే కుర్రాళ్లకి మాత్రం లా షుక్రన్.

ప్రశ్న: స్నేహితురాలు తజీన్ అనే మట్టి పాత్ర తెచ్చిచ్చింది. గ్యాస్ మీద పెట్టొచ్చా?
– రాయగడ నుంచి ఒక టీచరు

జవాబు: లోపల నిగనిగలాడే రంగుల పూలుంటే వండొద్దు, ఆ పూతల్లో సీసం ఉండే అవకాశం ఉంది, షోకేసులో పెట్టుకోండి. పూత లేని మట్టిదైతే మన మట్టి దాకలాగే, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరాక నూనె రాసి, పెనం అడ్డుపెట్టి సన్న సెగ మీద మొదలుపెట్టండి. వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్లు పోశారో, పగిలిపోతుంది.

ప్రశ్న: ఆర్గాన్ నూనె నిజంగా మంచిదేనా?
– జయపురం పాఠకురాలు

జవాబు: వంటకైతే గింజలు వేయించి తీసినది, ఘాటుగా వేరుశనగలు వేపిన వాసనొస్తుంది. తలకీ ఒంటికీ వేయించనిది, దానికి వాసన అంతగా ఉండదు. ఈ రెండూ కలగలిపి అమ్మేవాళ్లని నమ్మొద్దు. ఆర్గాన్ చెట్లు మొరాకో నైరుతి వైపు పెరుగుతాయి, ఆడవాళ్లు రాళ్లతో గింజలు పగలగొట్టి తీస్తారు, అందుకే నిజమైనది చవగ్గా రాదు. ఆడవాళ్ల సహకార సంఘాల దగ్గర కొనండి. సీసా మాత్రం పెద్ద పెట్టెలో సర్దండి, నేను చేతిసంచిలో పెట్టుకుంటే తనిఖీలో ఒప్పుకోలేదు, 250 మిల్లీలీటర్లు విమానాశ్రయంలో వదిలేసి వచ్చాను.