సోలార్ హీటరు మార్చడానికి 46 వేలు అడుగుతున్నారు, ఇవ్వచ్చా?

ప్రశ్న: మాది నల్లగొండ, రామగిరి. ఇల్లు కట్టినప్పుడు పెట్టించిన 200 లీటర్ల సోలార్ వాటర్ హీటరు పన్నెండేళ్ళు బాగానే పనిచేసింది. నెల రోజులుగా నీళ్ళు కారుతున్నాయి, వేడి కూడా మునుపటిలా లేదు. చూడ్డానికి వచ్చినతను ట్యాంకు పోయింది, మొత్తం సెట్టు మార్చాల్సిందే అన్నాడు. అదే సైజు కొత్తదానికి 46,000 అట, పాతది ఇస్తే 2,000 తగ్గిస్తాడట. ఈ వారంలో సగం అడ్వాన్సు ఇవ్వకపోతే రేటు పెరుగుతుందంటున్నాడు. పిల్లలు హైదరాబాద్‌లో ఉంటారు, ఇంట్లో మేమిద్దరమే. మా ఆయన పెన్షను మీదే ఇల్లు గడుస్తుంది. చలికాలంలో కరెంటు నెలకు 140 యూనిట్ల దాకా కాలుతుంది. ఈ రేటు న్యాయమేనా? ఎఫ్‌డీ తీయాలా, ఈఎంఐ పెట్టుకోవాలా?

జవాబు: అమ్మా, ఈ వారం అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి. 46,000 ఎక్కువా తక్కువా అన్నది ఆ ఒక్క అంకె చూసి చెప్పలేం. అందులో ట్యాంకు ఎంత, ట్యూబులు ఎంత, స్టాండు, పైపులు, బిగింపు కూలి ఎంత అన్నది మీకు కాగితం మీద రాసివ్వలేదు. దానికంటే ముందు అసలు పోయిందేమిటో తేలాలి.

రెండో మనిషిని పిలిపించండి. కొత్త హీటర్లు అమ్మని మామూలు ప్లంబరయితే ఇంకా మంచిది. గాజు ట్యూబులు ట్యాంకులోకి దిగే చోట రబ్బరు రింగులుంటాయి. ఏళ్ళ తరబడి ఎండకూ వేడికీ అవి గట్టిపడి పగులుతాయి. నీళ్ళు ట్యూబు మెడ దగ్గర మొదలై ట్యూబు వెంట జారుతుంటే తప్పు చాలావరకు రింగుదే, దానికి ట్యాంకు మార్చే పని లేదు. అలా కాకుండా ట్యాంకు పైరేకు అంచుల్లోంచి, కింది అతుకుల్లోంచి నీళ్ళు ఊరుతుంటే లోపలి ట్యాంకుకు చిల్లు పడిందనుకోవాలి. అప్పుడు వేడి పోకుండా మధ్యలో నింపిన పఫ్ (గట్టి ఫోము) కూడా తడుస్తుంది, తడిసిన పఫ్ వేడిని పట్టి ఉంచలేదు. అదే జరిగి ఉంటే మీకు చెప్పినతను నిజమే చెప్పాడు. ఇక ట్యూబుల సంగతి. ఒక్కో ట్యూబు అడుగు కొనలో వెండిలా మెరిసే పూత ఉంటుంది. అది తెల్లబడితే ఆ ట్యూబులో వాక్యూమ్, అంటే వేడిని పట్టి ఉంచే గాలిలేని ఖాళీ, పోయినట్టు. అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించండి. ట్యూబులు విడిగా దొరుకుతాయి, మూడో నాలుగో పోతే సెట్టంతా పారేయనక్కర్లేదు.

ట్యాంకే పోయిందనుకుందాం. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట రేటు కాదు, ‘మేమిద్దరమే’ అన్నది. ఇంటినిండా మనుషులున్నప్పుడు కొన్న సైజు ఇప్పుడెందుకు? 20 లీటర్ల బకెట్లు రోజుకు మూడు అనుకోండి. 22 డిగ్రీల నీళ్ళను 40 డిగ్రీలకు తేవాలంటే ఆ 60 లీటర్లకు దాదాపు ఒకటింబావు యూనిట్ కరెంటు కావాలి. గీజరులో వృథా పోయేది కలుపుకుని ఒకటిన్నర వేసుకుందాం. నెలకు 45 యూనిట్లు. మీ 140కి ఇవి కలిపినా 185, అంటే 200 లోపే. 101 నుంచి 200 దాకా యూనిట్ల స్లాబులో యూనిట్ 4 రూపాయల 80 పైసలు కాబట్టి నెలకు 216 రూపాయలు. మన దగ్గర ఎండాకాలం మిద్దె మీది ట్యాంకు నీళ్ళే కాగి వస్తాయి కనుక వేడినీళ్ళ అవసరం ఆరు నెలలే అనుకున్నా, ఏడాదికి 1,300 రూపాయలు. దీనికోసం 44,000 పెట్టడమంటే ముప్పై మూడేళ్ళ కరెంటు డబ్బు ఇప్పుడే కట్టేయడం. గీజరు ధర, మధ్యలో అది పాడయితే మళ్ళీ కొనే ఖర్చు వేసుకున్నా మీ ఇద్దరికీ గీజరే చవక.

సంక్రాంతికి పిల్లలొచ్చిన నెల 200 యూనిట్లు దాటొచ్చు. దాటితే మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసల స్లాబు పడుతుంది, ఆ గీత దాటినందుకే బిల్లు ఓ 200 రూపాయలు పెరుగుతుంది. ఏడాదికి ఒకట్రెండు నెలలు కదా, పిల్లల కోసం దానికి టెన్షన్ పడకండి. (గృహజ్యోతి జీరో బిల్లు వచ్చే ఇళ్ళు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. 200 దాటిన నెల బిల్లు మొత్తం కట్టాలి.)

పిల్లలు మనవలతో సహా మీ దగ్గరికే వచ్చి ఉండబోతున్నారంటే నా సలహా వేరు, అప్పుడు సోలారే నయం. అలా అయినా విడివిడిగా ధరలు రాసిన కొటేషన్లు మూడు తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ హీటర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత లెక్కతో వేశారేమో చూడండి. పాత ట్యాంకు స్టీలుదయితే ఆ 2,000కు ఒప్పుకునే ముందు పాత సామాన్ల కొట్టులో తూకానికి ఎంత వస్తుందో కనుక్కోండి.

గ్యారంటీ కాగితం ప్రతి లైనూ చదవండి. ఉప్పునీళ్ళ వల్ల ట్యాంకు పాడయితే మాకు సంబంధం లేదని చాలా కంపెనీలు రాసుకుంటాయి. నల్లగొండ బోరు నీళ్ళతో వాడే ఇంట్లో అలాంటి ఐదేళ్ళ గ్యారంటీ ఎందుకు పనికొస్తుంది? మన జిల్లా పేరు చెబితే అందరూ ఫ్లోరైడ్ అంటారు గానీ ట్యాంకులో తెల్లటి గార కట్టేది ఫ్లోరైడ్ వల్ల కాదు, నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం వల్ల. గీజరు కొన్నా ఇదే బాధ. వీలైతే మిషన్ భగీరథ కుళాయి నీళ్ళు వచ్చే లైను దానికి కలిపించండి. గీజరులో మెగ్నీషియం కడ్డీ ఒకటుంటుంది, ట్యాంకు తుప్పు పట్టకుండా అది అరిగిపోతూ కాపాడుతుంది. ఏడాదికోసారి విప్పించి చూసి, అరిగితే మార్పించండి.

ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. గడువుకు ముందే తీస్తే బ్యాంకు వడ్డీలో కోత వేస్తుంది, పైగా అది మీకు ఆసుపత్రి అవసరానికి అక్కరకొచ్చే డబ్బు. ‘వడ్డీ లేని’ ఈఎంఐలో కూడా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ ఉండొచ్చు. గీజరు ఖర్చయితే పెన్షనులో ఒకటి రెండు నెలలు సర్దుకుంటే సరిపోతుంది.

ఈలోపు కారే నీళ్ళు మిద్దె స్లాబులోకి దిగకుండా హీటరుకు వెళ్ళే వాల్వు కట్టేయండి. ట్యూబుల మీద టార్పాలిన్ కప్పించండి. ఖాళీ ట్యూబులు ఎండకు విపరీతంగా వేడెక్కుతాయి, ఆ వేడి మీద చల్లనీళ్ళు పడితే గాజు పగిలిపోతుంది. మళ్ళీ నీళ్ళు నింపి చూడాలంటే ఎండ రాకముందే, తెల్లవారుజామున నింపించండి.