రుషికొండలో ప్రీ వెడ్డింగ్ షూట్: 249 గ్రాముల డ్రోన్‌కి లైసెన్సు కావాలా?

249 గ్రాముల డ్రోన్‌తో డబ్బులకి షూట్ చేస్తే లైసెన్సు కావాలా అని అడిగారు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల వరకు నానో, అంటే అన్నిటికన్నా తేలిక తరగతి. పని డబ్బులకైనా సరే, పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. యూఐఎన్ (ఒక్కో డ్రోన్‌కి విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) మాత్రం నానోకీ ఉండాల్సిందే.

కానీ లెక్క ఎగిరేటప్పటి మొత్తం బరువుది. బ్యాటరీ, మెమరీ కార్డు, ఫిల్టరు, ప్రొపెల్లర్ గార్డులు అన్నీ పెట్టి కాటా మీద తూచండి. గార్డులు తగిలించగానే 250 దాటి పై తరగతి, అంటే మైక్రో అయిపోతుంది. ఎక్కువసేపు వచ్చే పెద్ద బ్యాటరీతోనూ ఇదే తంటా. మైక్రోతో డబ్బులకి షూట్ చేయాలంటే డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తింపున్న స్కూల్లో శిక్షణ, పైలట్ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పవు.

మన వైజాగ్‌లో అసలు చిక్కు చోటుతోనే. ఎయిర్‌పోర్టు ఉన్నది నేవీ వాళ్ల వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో, పైగా ఊళ్లోనే తూర్పు నౌకాదళ స్థావరం. అందుకే క్లయింటు దగ్గర అడ్వాన్సు తీసుకోకముందే డిజిటల్ స్కై (ప్రభుత్వ డ్రోన్ పోర్టల్) మ్యాప్‌లో సరిగ్గా ఆ స్పాట్ పెట్టి చూడండి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు. ఎయిర్‌పోర్టు హద్దు నుంచి 8-12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. రెడ్ అని చూపిస్తే కేంద్రం అనుమతి లేకుండా డ్రోన్ పైకి లేపొద్దు. షూట్ రోజు పొద్దున్నే మళ్లీ చూడండి, తాత్కాలిక రెడ్ జోన్ 96 గంటల దాకా పెట్టే వీలుంది.