ఫ్లోరెన్స్ నుంచి సియెనాకు రైలా, బస్సా, కారా?

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో ఇటలీలోని ఫ్లోరెన్స్ నుంచి సియెనా వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలన్నారు కదండీ, నిస్సందేహంగా బస్సే ఎక్కండి. శాంటా మరియా నొవెల్లా రైల్వే స్టేషన్ పక్కనే బస్టాండు. ‘రాపిడా’ (వేగంగా వెళ్లేది) అని ఉన్నదే చూసి ఎక్కండి, దాదాపు గంటంపావులో సియెనాలోని గ్రామ్‌షీ కూడలి దగ్గర దింపుతుంది. అక్కడి నుంచి ఊరి నడిబొడ్డునున్న కాంపో మైదానానికి పది నిమిషాల నడక.

రైలుకు గంటన్నర పడుతుంది, కొన్నిటికి దారిలో ఎంపొలి స్టేషన్‌లో మారాలి. పైగా సియెనా స్టేషన్ కొండ కింద ఉంది. ఎదురుగా ఉన్న షాపింగ్ మాల్ నుంచి వరుసగా ఎస్కలేటర్లు ఎక్కినా, ఊళ్లోకి ఇంకా చాలా నడవాలి. పెద్దవాళ్లకు ఎందుకా శ్రమ?

కారు వద్దే వద్దు. బయటి కార్లకు అనుమతి లేని పాత ఊళ్లోకి పొరపాటున వెళ్తే కెమెరా పట్టేస్తుంది, జరిమానా కట్టాలి.

ఆదివారమైతే బస్సులు తక్కువ, తిరుగు బస్సు టైము ముందే చూసుకోండి.