గట్టిమేళం మొదలయ్యేలోపు

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్ళు. ఆటిజం అని రెండేళ్ళ క్రితం చెప్పారు. మిక్సీ వేసినా చెవులు మూసుకుంటాడు. మొన్న ఒక పెళ్ళిలో గట్టిమేళం మొదలవగానే కింద పడి దొర్లుతూ ఒకటే అరుపులు. అందరూ చూస్తున్నారని ఒక్కటేశాను. ఇంకా ఎక్కువైంది. 'పెంపకం అలా ఉంది' అని ఎవరో అనడం వినపడింది. వచ్చే నెల మా మరిది పెళ్ళి. బాబుని మా అమ్మ దగ్గర వదిలి రమ్మంటున్నారు అత్తయ్య. ఆటిజం సంగతి చుట్టాలకి చెప్పొద్దని కూడా అంటున్నారు. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, వరంగల్

జవాబు: అమ్మా, ముందు ఆ దెబ్బ సంగతి. అది తగిలింది బాబుకే అయినా, మీరు సంజాయిషీ ఇచ్చుకున్నది చుట్టూ చూస్తున్నవాళ్ళకి. మీ స్థానంలో చాలామంది తల్లులు అదే చేస్తారు, రాత్రి పిల్లాడు నిద్రపోయాక ఏడుస్తారు కూడా.

మారాం చేసే పిల్లాడు అమ్మ చూస్తోందా లేదా అని ఓరకంట గమనిస్తుంటాడు. అడిగింది చేతిలో పెడితే ఆపేస్తాడు. మీవాడు ఆ సమయంలో ఏమీ అడగడం లేదు. పందిట్లో మనం కబుర్లలో పడితే సన్నాయి, ఫ్యాన్ల మోత, పిల్లల గోల వాటంతటవే వెనక్కి పోతాయి. వాడికి పోవు. వీడియో లైట్లు, సెంటు వాసన, గుచ్చుకునే జరీ అన్నీ కలిసి ఒక్కసారే మీద పడతాయి. అప్పుడు దెబ్బ కూడా వాటికి తోడయ్యే ఇంకో బాధే.

మరిది పెళ్ళికి వాణ్ణి తీసుకెళ్ళండి. పెళ్ళంతా చూపించాలని మాత్రం పట్టుపట్టకండి. గట్టిమేళం ఎప్పుడు మోగుతుందో మనకి తెలుసు కదా: జీలకర్ర బెల్లం అప్పుడు, మాంగల్యధారణ అప్పుడు. మీరిద్దరూ పీటల దగ్గర ఉండాల్సిన మనుషులు కాబట్టి, ఆ రెండు వేళలా మీ తమ్ముడో, వాడికి చనువున్న ఇంకొకరో వాణ్ణి బయటికి తీసుకెళ్ళేలా ముందే ఒప్పందం చేసుకోండి. విడిదిలో ఒక గది తాళం మీ దగ్గరే ఉంచుకోండి. మొదటి బంతికే భోజనం పెట్టించేయండి. చెవులు కప్పి చప్పుడు తగ్గించే ఇయర్ మఫ్స్ పిల్లల సైజులో ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పెళ్ళిరోజే తొడిగితే పీకి పారేస్తాడు, ఇవాళ్టి నుంచే మిక్సీ వేసేటప్పుడు అలవాటు చేయండి. పట్టుబట్టలా? వాడి పాత కాటన్ చొక్కాతో ఫోటోలు పాడవుతాయని ఎవరైనా అంటే, అననివ్వండి.

అయినా అరుపులు మొదలైతే మాటలు తగ్గించి చప్పుడు లేనిచోటికి తీసుకెళ్ళండి. గట్టిగా పట్టుకుంటే వాడికి హాయిగా ఉంటుందంటే పట్టుకోండి, లేకపోతే దెబ్బ తగలకుండా పక్కన కూర్చుంటే చాలు. చూసేవాళ్ళకి ఒకే మాట: 'వాడికి ఆటిజం ఉంది, చప్పుడు తట్టుకోలేడు, కాస్త దారివ్వండి.' అంతకుమించి ఎవరికీ బాకీ లేరు.

అత్తయ్యగారితో ఇక్కడే నాకు పేచీ. చెప్పకుండా దాచితే చుట్టాలు ఊరుకోరు, తోచిన కారణం వాళ్ళే పెట్టుకుంటారు. మొన్న మీ పెంపకం మీదికి వచ్చింది అలాగే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోనే ఆటిజం పేరు ఉంది, గుర్తింపు కార్డుకీ దరఖాస్తు చేయొచ్చు. ఈ మాటలు మీరు చెబితే కోడలి వాదనలా వినిపిస్తాయి. మీవారి చేత చెప్పించండి. థెరపీకి వెళ్ళేటప్పుడు ఒకసారి ఆవిణ్ణీ వెంట తీసుకెళ్ళండి.

తలంబ్రాలు, అప్పగింతలు వాడు చూడకపోయినా నష్టం లేదు. మర్నాడు ఇల్లు సద్దుమణిగాక బాబాయి, కొత్త పిన్ని దగ్గరికి తీసుకెళ్ళి, వాడి చేత్తో నాలుగు అక్షింతలు వేయించండి.