దాతల సొమ్ముతో నిలిచిన మెట్లబావి

ప్రశ్న: చారిత్రక కట్టడాల సంరక్షణ ప్రభుత్వ బాధ్యత కదా, మరి ప్రైవేటు విరాళాలెందుకు?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: బాధ్యత ప్రభుత్వానిదే, విరాళం దాన్ని తప్పించదు. అయితే ఈ పని ఎంత ఓపికను, ఎన్నేళ్ల నిధులను కోరుతుందో హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధుల వద్ద చూడవచ్చు. 2013లో రాష్ట్ర ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం మేరకు ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు అక్కడ పనులు చేపట్టింది. అదే ఏడాది వానలకు కొంత కూలిపోయిన, ఆ ప్రాంగణంలోని బడీ బావ్లీ అనే మెట్లబావిని టాటా ట్రస్టుల ఆర్థిక సాయంతో పునరుద్ధరించారు. పాత మరమ్మతుల్లో పూసిన సిమెంటును మేస్త్రీలు చేత్తో చెక్కి తీసి, సంప్రదాయ పద్ధతిలో సున్నపు గచ్చు వేశారు. యంత్రాలతో త్వరగా ముగించగలిగిన పని కాదది. ఈ ప్రాంగణంలోని గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం లభించడం మనందరికీ గర్వకారణం. విరాళం ఇవ్వదలచినవారికి కేంద్రం 1996లో నెలకొల్పిన జాతీయ సాంస్కృతిక నిధి ఉంది; తమ సొమ్ము ఏ కట్టడానికి చెందాలో దాతలు అందులో సూచించవచ్చు.