పాత ఇసుకరాయి క్వారీకి గుర్తింపు తేవాలంటే

చిట్టీ,

ఇక్కడ ఇంగ్లండ్‌లో, విర్రల్‌లో మీ ఇంటి దగ్గరి పాడుబడిన ఇసుకరాయి క్వారీని స్థానిక భూవిజ్ఞాన స్థలంగా నమోదు చేయించాలని ఉందన్నావు కదా. శుభం. కానీ ఫారం తర్వాత, ముందు రాయి కనపడాలి. అందరూ రాతి ముక్కలు కొట్టుకుపోవడానికి సుత్తి పట్టుకుని తిరిగేవాళ్లని చూసి టెన్షన్ పడతారు గానీ, సింగరేణిలో రిటైరై మా అమ్మాయి దగ్గరికి వచ్చాక ఇక్కడ నేను చూసినంతలో, క్వారీలు ఎక్కువగా పోయేది చెత్తా మట్టీ పోసి పూడ్చేయడంవల్ల, లేదంటే ఐవీ తీగ, ముళ్లపొదలు కమ్మేయడంవల్ల.

మీ దగ్గరే స్టోర్టన్ క్వారీ ఉంది, చూడు. 1838లో అక్కడ రాయి తీస్తుంటే కైరోథీరియం అని పేరు పెట్టిన, ఒక పురాతన సరీసృపం అడుగుజాడలు బయటపడ్డాయి. అచ్చం మనిషి అరచేయిలా ఉంటాయి, కాకపోతే బొటనవేలు బయటి పక్కకి ఉంటుంది. అందుకని ఆ జంతువు కాళ్లు అడ్డదిడ్డంగా ఒకదాని ముందొకటి వేసి నడిచేదేమోనని కూడా అప్పటివాళ్లు ఊహించారు, పాపం! తీరా చూస్తే అది చిటికెన వేలు. అంత పేరున్న క్వారీని కూడా 1920లలో మెర్సీ నది కింద సొరంగం తవ్వుతూ తీసిన మట్టితో చాలా భాగం పూడ్చేశారు.

కాబట్టి ముందు యజమాని ఎవరో కనుక్కుని, అనుమతి కాగితం మీద తీసుకో. నోటిమాట నమ్ముకోకు. పొదలు కొట్టే పని చలికాలంలో పెట్టుకో, మార్చి నుంచి ఆగస్టు దాకా పక్షులు గూళ్లు పెట్టే కాలం, అప్పుడు చెయ్యి పెట్టకూడదు. గోడంతా శుభ్రం చేయాలని తాపత్రయపడకు, పొరలు బాగా తెలిసే చోట ఒక వెడల్పాటి పట్టీ తెరిస్తే చాలు. హెల్మెట్ ఉన్నా సరే, మంచు కరిగిన రోజుల్లో రాతి గోడ కింద నిలబడొద్దు.

ఇక చూడటం. పెద్ద పొరల మధ్య ఏటవాలుగా సాగే సన్నగీతలు పట్టుకో. అవి కింద మెల్లగా వంపు తిరిగి కలుస్తాయి, పైన కత్తితో కోసినట్టు ఆగిపోతాయి. గాలి గానీ నీళ్లు గానీ ఇసుకని ఎటు తోశాయో ఆ వాలు చెబుతుంది, దిక్సూచి పెట్టి రాసుకో. తర్వాత భూతద్దం తియ్యి. రేణువులు సజ్జగింజల్లా గుండ్రంగా, అన్నీ ఒకే సైజులో, మసకగా ఉంటే ఎడారి గాలికి దొర్లిన ఇసుక అనుకో. మధ్యమధ్య నున్నటి గులకరాళ్లుంటే నది పని, ఇప్పటి ఫ్రాన్స్ వైపు నుంచి మోసుకొచ్చిన రాళ్లు అవి. అడుగుజాడల కోసమైతే పలక పైభాగం చూస్తూ కూర్చోకు, కింది ముఖం చూడాలి. బురదలో పడ్డ గుంటని పైనుంచి ఇసుక వచ్చి నింపింది కాబట్టి ముద్ర పలక అడుగున ఉబ్బెత్తుగా ఉంటుంది. ప్రతి ఫొటోలో స్కేలు పెట్టు. సుత్తి ఇంట్లోనే ఉండనీ, కావాలంటే కింద రాలిన ముక్కలు ఏరుకో.

గోడ మీద పాత గునపం గాట్లుంటే వాటినీ ఫొటో తియ్యి. నమోదుకి శాస్త్రం ఒక్కటే కాదు, చదువుకి పనికిరావడం, చరిత్ర, అందం కూడా లెక్కలోకి వస్తాయి. ఆ రాయితో ఊళ్లో ఏ చర్చి కట్టారో, ఏ ప్రహరీ కట్టారో ముసలివాళ్లని అడుగు, ఆ కబుర్లకి టీ తాగుతూ ఒక సాయంత్రం పోతుంది, పోనీ. లివర్‌పూల్ కెథడ్రల్‌కి రాయి వూల్టన్ క్వారీ నుంచి వచ్చింది, కెథడ్రల్ పక్కన పల్లంలో ఉన్న సెయింట్ జేమ్స్ శ్మశానం కూడా ఒకప్పటి క్వారీనే. వీలైతే మీ పిల్లల్ని తీసుకెళ్లి చూపించు.

ఒకటి మాత్రం తెలిసి ఉండు, ఈ గుర్తింపు వచ్చినా చట్టం కాపలా కాయదు. కౌన్సిల్ వాళ్లు ప్లానింగ్ అనుమతులిచ్చేటప్పుడు దీన్ని పరిగణనలోకి తీసుకుంటారు, అంతవరకే. అందుకని ఏటా పొదలు కొట్టడానికి ఎవరెవరు వస్తారో ఇప్పుడే పేర్లు రాసి పెట్టుకో. ఫారం నింపాక పంపేముందు నాకోసారి పంపు, కొలతలు సరిచూసి ఇస్తాను.

మీ పెదనాన్న