లాంగ్ రేంజ్ పోటీలకు ఏ తూటా? వైజాగ్ గాలి నాకు నేర్పింది

మీరు ఎన్‌సీసీలో .22 డీలక్స్ రైఫిల్‌తో షూటింగ్ మొదలుపెట్టానని రాశారు. నేనూ అక్కడి నుంచే వచ్చాను. ఇప్పుడు లాంగ్ రేంజ్ టార్గెట్ పోటీలకు వెళ్లాలని ఉందని, .308 విన్‌చెస్టర్, 6.5 క్రీడ్‌మూర్, .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ అనే మూడు పెద్ద తూటాల్లో ఏది తీసుకోవాలని అడిగారు. వైజాగ్‌లోనే ఉంటానన్నారు కాబట్టి, ఇదే ఊరి గాలిలో 11 ఏళ్లుగా కాలుస్తున్నవాడిగా నా మాట చెబుతాను. ఇంకో రెండేళ్లు .22 లాంగ్ రైఫిల్‌ని వదలకండి. 50 మీటర్ల ప్రోన్‌లో (బోర్లా పడుకుని కాల్చే పద్ధతి), ఒకే లాట్ తూటాలతో, అంటే ఫ్యాక్టరీలో ఒకే విడతలో తయారైనవాటితో కాల్చండి. పెద్ద తూటా సంగతి ఆ తర్వాత.

ఎందుకంటే దూరం పెరిగేకొద్దీ మనల్ని ఓడించేది గాలి. ఆ గాలిని తక్కువ ఖర్చుతో నేర్పేది .22 మాత్రమే. ఈ విషయం నాకు ఒక పోటీ పోగొట్టుకున్నాక గానీ తెలియలేదు.

మేం కాల్చే రేంజ్ ఊరి బయట, కొండకీ సముద్రానికీ మధ్య ఉంటుంది. పొద్దున్న తొమ్మిది, తొమ్మిదిన్నర దాకా గాలి జెండాలు దాదాపు వేలాడుతూనే ఉంటాయి. పదిన్నర అయ్యేసరికి సముద్రం వైపు నుంచి పైరగాలి లేస్తుంది. ఒకసారి లేచాక అది ఒకే తీరుగా వీచదు. తగ్గినట్టే తగ్గి, మనం ట్రిగ్గర్ మీద వేలు పెట్టేసరికి మళ్లీ ఊపందుకుంటుంది. నా రెండో ఏడాది, మే నెలలో జరిగిన ఒక పోటీలో నా డీటెయిల్ (కాల్చే వంతు) 11 గంటలకు పడింది. ఆ వేళకి గాలి ఖాయమని తెలుసు కాబట్టి హై వెలాసిటీ (ఎక్కువ వేగంతో వెళ్లే) తూటాలు తెచ్చుకున్నాను. తూటా త్వరగా చేరితే గాలికి దొరికే సమయం తగ్గుతుంది కదా అనుకున్నాను. మొదటి 20 షాట్లలోనే పది పాయింట్లు పడాల్సిన చోట తొమ్మిదులు, ఎనిమిదులు వరసగా పడ్డాయి. పక్క లేన్‌లో మామూలు మ్యాచ్ తూటాలు (పోటీల కోసం చేసినవి) కాల్చినతను అదే గాలిలో నాకంటే ఎంతో బాగా కాల్చాడు. నాకు టెన్షన్ పెరిగిపోయి, మిగతా షాట్లు కూడా పాడైపోయాయి.

మర్నాడు మా కోచ్ గారు (నేవీలో చేసి రిటైరయ్యారు) ఇసుకలో గీత గీసి వివరించారు. తూటా మొత్తం ఎంతసేపు గాల్లో ఉందన్నదాన్ని బట్టి గాలి దాన్ని పక్కకు జరపదట. గాలి నిరోధమే లేకపోతే ఎంతసేపట్లో చేరేదో, నిజానికి దానికంటే ఎంత ఆలస్యంగా చేరిందో, ఆ ఆలస్యాన్ని బట్టి జరుపుతుంది. మామూలు .22 గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే దాదాపు 2.6 గ్రాములు. హై వెలాసిటీ రకం సెకనుకు 380 మీటర్ల దరిదాపుల్లో బయల్దేరుతుంది. అది ధ్వని వేగం కంటే ఎక్కువ. అక్కడ నిరోధం బాగా పెరిగి, గుండు తన వేగాన్ని తొందరగా పోగొట్టుకుంటుంది. అందుకే దాని ఆలస్యం ఎక్కువ, జరగడమూ ఎక్కువే. మ్యాచ్ తూటా సెకనుకు 325, 330 మీటర్లతో బయల్దేరి ధ్వని వేగానికి కిందే ఉంటుంది, కాబట్టి తక్కువ జరుగుతుంది. 50 మీటర్ల టార్గెట్‌లో పది రింగు వ్యాసం 10.4 మిల్లీమీటర్లే. గంటకు 10 కిలోమీటర్ల అడ్డగాలి ఆ చిన్న గుండును సెంటీమీటరుకు పైనే జరపగలదు. జెండా చూడకుండా కాలిస్తే పది పోయినట్టే.

ఇక లాట్ సంగతి. కొత్తవాళ్లు బ్రాండ్ గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటారు కానీ పెట్టె మీది లాట్ నంబరు చూడరు. ఎలీ టెనెక్స్, లాపువా, ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్50 లాంటి ఏ పేరున్న మ్యాచ్ తూటా అయినా ఒక లాట్ మీ బ్యారెల్‌కు కుదిరి, అదే పేరున్న ఇంకో లాట్ కుదరకపోవచ్చు. పెద్ద స్థాయి షూటర్లు తమ రైఫిల్‌ని కంపెనీ టెస్ట్ రేంజ్‌కి తీసుకెళ్లి మరీ లాట్ ఎంచుకుంటారు. మనం చేయగలిగింది ఒకటుంది. క్లబ్ ద్వారా మూడు నాలుగు లాట్లు ఒక్కో 50 రౌండ్ల పెట్టె తీసుకుని, గాలి లేవకముందే రైఫిల్‌ని రెస్ట్ (కదలకుండా ఉంచే ఆసరా) మీద పెట్టి పదేసి షాట్ల గ్రూపులు కాల్చి చూడాలి. బాగా కుదిరిన లాట్ ఎన్ని పెట్టెలు దొరికితే అన్ని తీసి పెట్టుకోవాలి. పెట్టెని ఎండలో, కారు డ్యాష్‌బోర్డ్ మీద ఉంచొద్దు. గుండు మీద పూసిన మైనం మెత్తబడుతుంది, తూటాలోని పేలుడు మందు వేడెక్కితే వేగమూ మారుతుంది.

రెండేళ్ల తర్వాత 300 మీటర్ల బిగ్ బోర్ (పెద్ద తూటాల రైఫిల్) పోటీల అవకాశం వస్తే, మీరు రాసిన మూడింట్లో లేని తూటా పేరు చెబుతాను: 6 ఎంఎం బీఆర్ నోర్మా. ఆ పోటీల్లో 8 మిల్లీమీటర్ల దాకా ఏ క్యాలిబర్ (తూటా వ్యాసం) అయినా వాడొచ్చు. అయినా పైస్థాయివాళ్లు ఎక్కువగా దీన్నే ఇష్టపడతారు. .308లో 44 గ్రెయిన్ల దాకా మందు పడితే ఇందులో 30 చాలు, కాబట్టి రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బా తక్కువే. 60 షాట్ల ప్రోన్ మ్యాచ్‌లో 40వ షాట్ తర్వాత భుజం ఆ తేడా చెబుతుంది. దెబ్బ వస్తుందని శరీరం ముందే బిగుసుకుంటే ఏ తూటా అయినా ఒకటే.

800 నుంచి 1000 గజాల మాటకొస్తే, ముందు మీరు దిగబోయే పోటీ నియమం చదవండి. ఎఫ్-క్లాస్‌లో (రైఫిల్‌ని ఆసరా మీద ఉంచి దూరం కాల్చే పోటీ) ఎఫ్-టీఆర్ విభాగానికి .308 లేదా .223 తప్ప వేరేది ఒప్పుకోరు. అక్కడికి 6.5 తీసుకెళ్తే లైన్ మీదకే రానివ్వరు. ఎఫ్-ఓపెన్‌లో ఆ అడ్డు లేదు. .308 కాల్చేటప్పుడు 168 గ్రెయిన్ల పాతరకం మ్యాచ్ గుండు 1000 గజాల దగ్గర ధ్వని వేగానికి దిగుతూ తడబడుతుంది, 175 గ్రెయిన్లది నిలబడుతుంది. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ అదే దూరంలో .308 కంటే పావు వంతుకు పైగా తక్కువ జరుగుతుంది. దాని బ్యారెల్ మాత్రం ముందే అరుగుతుంది. .300 మ్యాగ్నమ్‌ని మీ జాబితాలోంచి తీసేయండి. ఆ దెబ్బకి కొత్త షూటర్‌కి కళ్లు మూసుకునే అలవాటు పడిపోతుంది, దాన్ని వదిలించడానికి ఏళ్లు పడుతుంది. నా స్నేహితుడి విషయంలో దగ్గరుండి చూశాను.

మన దేశంలో మామూలు పౌరులకు 1000 గజాల రేంజ్ దొరకడం చాలా కష్టం. పైగా .308కి సైన్యం వాడే 7.62 బోరుతో చుట్టరికం ఉంది కాబట్టి లైసెన్స్ దగ్గర చిక్కులుంటాయి. డబ్బు కట్టకముందే రాష్ట్ర రైఫిల్ సంఘంతో, లైసెన్స్ ఇచ్చే అధికారులతో మాట్లాడండి.

.22 అంటే చిన్నచూపు వద్దు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో 50 మీటర్ల ప్రోన్‌లో వెండి పతకం గెలిచింది ఈ తూటాతోనే. ప్రోన్‌ని 2016 తర్వాత ఒలింపిక్స్‌లోంచి తీసేసినా, మోకాలిపై, బోర్లా పడుకుని, నిలబడి కాల్చే త్రీ పొజిషన్ ఉంది. 2024లో పారిస్‌లో అందులోనే స్వప్నిల్ కుసాలే కంచు తెచ్చాడు.

ముందుగా రెండు ఆదివారాలు రైఫిల్ లేకుండా రేంజ్‌కి వెళ్లండి. పొద్దున 8 నుంచి 12 దాకా కూర్చుని, ప్రతి పది నిమిషాలకీ జెండా ఎటు, ఎంత లేచిందో నోట్‌బుక్‌లో రాయండి. ఆ పేజీల ఫోటోలు ఇక్కడ పెడితే, ఏ వేళకి సైట్ (గురి చూసే పరికరం) ఎన్ని క్లిక్కులు తిప్పాలో కలిసి లెక్క వేద్దాం.